మందు కంటే ముందు అమ్మ ఒడి

ఈ వారం మన ఇళ్ళల్లో ఎవరూ నోరెత్తని విషయం ఒకటి మాట్లాడతాను. నేను అమెరికాలో ఒక ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో నర్సుని.

గర్భంతో ఉండగా తల్లి హెరాయిన్, ఫెంటనిల్, లేదా ఆక్సికోడోన్ లాంటి నొప్పి మాత్రలు వాడితే అవి బిడ్డకీ చేరతాయి. బొడ్డు కోయగానే ఆ సరఫరా ఆగిపోతుంది. కొద్దిరోజుల్లోనే బిడ్డ వణుకుతుంది, పాలు సరిగా తాగదు, గుక్కపట్టి ఏడుస్తుంది. మనవాళ్ళలో ఇలాంటివి ఉండవంటారు. ఆపరేషన్ తర్వాత రాసిచ్చే మాత్రలకి మనవాళ్ళూ పరాయివాళ్ళూ అని తేడా తెలుస్తుందా? వ్యసనం మాన్పించడానికి డాక్టర్లిచ్చే మెథడోన్ వల్ల కూడా బిడ్డకి ఇలా కావచ్చు. అలాగని గర్భిణి దాన్ని తనంతట తాను ఒక్కసారిగా మానేయకూడదు, అది మరీ ప్రమాదం.

1975లో వచ్చిన ఫిన్నెగన్ పట్టిక ప్రకారం చాలాకాలం ఈ పిల్లలకి మార్కులు వేసేవారు. నాలుగైదు సార్లు తుమ్మితే ఒక మార్కు, ఆవులిస్తే ఒక మార్కు. ఏ పసిబిడ్డ తుమ్మదు చెప్పండి! మార్కులు పెరిగితే మార్ఫిన్ మొదలు. ఇక వారాల తరబడి దీపాల వెలుగులో, మిషన్ల మోతలో, తల్లికి దూరంగా.

కనెక్టికట్‌లోని యేల్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం మూడే ప్రశ్నలు వేసుకుంది. బిడ్డ పూటకి ఒక ఔన్సు పాలైనా తాగుతోందా? గంటసేపు నిద్రపోతోందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకుంటోందా? ఈ మూడూ జరుగుతుంటే మందు అక్కర్లేదు. గది చీకటి చేసి, పొత్తిళ్ళలో చుట్టి, తల్లి గుండెకి ఆనించి పడుకోబెట్టి, అడిగినప్పుడల్లా పాలివ్వడమే చికిత్స. అక్కడ సగటున 22.4 రోజులుండే పిల్లలు 5.9 రోజులకే ఇంటికెళ్ళారని 2017లో ప్రచురించారు. తర్వాత 26 ఆసుపత్రుల్లో 1305 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2023లో వచ్చింది. పాత పద్ధతిలో నూటికి 52 మందికి మందు పడితే, కొత్త పద్ధతిలో 19.5 మందికే పడింది.

ఇదంతా మన అమ్మమ్మలు చేసిందే కదా అంటారేమో. అమ్మమ్మల కాలంలో తల్లిని ఎవరూ గది బయట నిలబెట్టలేదు. ఇక్కడ ఈ తల్లులు "నేను ఎత్తుకోవచ్చా?" అని భయపడుతూ అడుగుతారు. తన బిడ్డని ఎత్తుకోవడానికి అనుమతి! అసలు మొదటి డోసు ఆమె చేతులే. చికిత్సలో నిలకడగా ఉన్న తల్లి, వేరే అడ్డంకి లేకపోతే, పాలు కూడా ఇవ్వచ్చు.

కొందరు పిల్లలకి మార్ఫిన్ తప్పదు. అప్పుడు ఇస్తాం, అది తల్లి తప్పనుకోం.

తల్లి రాలేని రోజుల్లో ఎత్తుకోవడానికి కొన్ని ఆసుపత్రుల్లో వాలంటీర్లుంటారు. ఇక్కడే స్థిరపడి, పిల్లలు ఉద్యోగాలకెళ్ళాక పొద్దుపోని మన పెద్దవాళ్ళు దగ్గరి ఆసుపత్రిలో అడిగి చూడండి. టీకాలు, పోలీసు తనిఖీ, కొంత శిక్షణ ఉంటాయి. జోలపాట తెలుగులో పాడినా ఫరవాలేదు, గొంతు మాత్రం బాగా తగ్గించాలి.