పురుటిస్నానము తరువాత

(భిలాయి సెక్టర్ 6 నందలి మన సమాజసభలో చేసిన ప్రసంగము)



సాంస్కృతికసభలో బాలింత ప్రసక్తి యేలయని కొందరికి తోచవచ్చును. పురుడు, బారసాల, ఉయ్యాల మన సంస్కృతియే యైనచో, అవి ముగిసిన పిదప ఆ తల్లి యెట్లున్నదో విచారించుటయు సంస్కృతియే యగును.

మన పూర్వులు తొలికాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి తీసికొని పోయెడివారు. అచట తల్లి నీళ్లు పోసెడిది, నడుము కట్టెడిది, కాయము తినిపించెడిది, రాత్రులు బిడ్డ నెత్తుకొనెడిది. మూడవనెలనో ఐదవనెలనో గాని అత్తవారింటికి పంపెడివారు కారు. పథ్యము పేరిట పండ్లు, కూరలు, తుదకు మంచినీరు గూడ మాన్పించుటను నేను సమర్థింపను. కాని ఆ యాచారమున మందుకంటె మిన్నయైనవి విశ్రాంతియు, తోడును. మనము పథ్యమును నిలుపుకొని తోడును విడిచితిమి!

1955లో సోవియట్ ఒడంబడిక జరిగి, 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగినది. ఆ కర్మాగారపు నీడన వెలసిన ఈ యూర ఎన్నియో తెలుగు కుటుంబములు స్థిరపడినవి. పుట్టిల్లు విజయనగరము వైపైనచో రాయపూరు మీదుగా పూటకు మించిన రైలుప్రయాణము. అమ్మమ్మ నెలదినములుండి తిరుగురైలెక్కును. భర్త ఆఫీసునకు పోవును. ఇక ఆ క్వార్టరు తలుపు వెనుక బాలింత యొక్కతెయే. ఛత్తీస్‌గఢీ పొరుగువారు ఛఠీనాడు సోహర్ పాటలు పాడి కాంకేపానీ పంచుదురు. మనవారు బారసాల భోజనముచేసి తాంబూలము పుచ్చుకొందురు. ఆ పిమ్మట తలుపు తట్టువారు లేరు.

ఆరువారములలో దేహము కుదుటబడునని వాడుక. కాని ఏటా కనీసము నాలుగుకోట్లమంది స్త్రీలు ప్రసవమువలన దీర్ఘకాలము సాగు బాధలకు లోనగుచున్నారని 2023లో లాన్సెట్ వ్యాసములు లెక్కగట్టినవి. నడుమునొప్పి, దిగులు, దగ్గినప్పుడు మూత్రము జారుట అట్టివి. ఈ కడపటిదానిని సిగ్గుచే తల్లికిని చెప్పరు. కటికండరముల వ్యాయామముచే చాలమందికి నెమ్మదించును. మనస్సు సంగతి యింకను మరుగు. మన దేశమందలి 38 అధ్యయనములను 2017లో కూర్చి చూడగా, నూటికి 22 మంది బాలింతలలో కుంగుబాటు కనబడినది. మనము దానిని దిష్టి యందుము, లేక బద్ధకమందుము. 1987లో వెలువడిన ఎడింబరో పత్రములోని పది ప్రశ్నలతో దాని జాడ పట్టవచ్చును. తన ప్రాణమో బిడ్డ ప్రాణమో తీయవలెనను తలంపు కలిగినచో మాత్రము ఒక్కదినమైనను ఆగరాదు. ఆసుపత్రికి తీసికొని పోవలెను. 2022లో ఆరంభమైన టెలిమానస్ సంఖ్య 14416.

పురుషులకొక మాట. కేంద్రోద్యోగినులకు ప్రసూతిసెలవు 2008 సెప్టెంబరు 1 నుండి 180 దినములు. ఇద్దరికంటె తక్కువ బిడ్డలుగల తండ్రికి 15 దినములు. దానిని ప్రసవమైన ఆరునెలలలోపున వాడుకొనవచ్చును. నేను చూచినంతవరకు అది షామియానాకు, వంటవానికి, బంధువుల రైలుటిక్కెట్లకు ఖర్చగుచున్నది! అమ్మమ్మ రైలెక్కిన మరునాటినుండి తీసికొనుడు.

కార్యదర్శిగారి బల్లపై ఒక పుస్తక మున్నది. ఈ యేట కాన్పులైన యిండ్లును, వారమున కొక గంట పోయి బిడ్డ నెత్తుకొనగలవారి పేర్లును అందు వ్రాయుడు. పోయినప్పుడు బిడ్డ యెవరి పోలికయని పిదప చూడవచ్చును, “అమ్మాయీ, రాత్రి నిద్ర పట్టినదా?” యని ముందడుగుడు.