వానలో మన గొడుగు ఎవరికి అడ్డం?

(వానాకాలం మొదట్లో జరిగిన దళిత యువజనుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించీ శ్మశానం భూమి గురించీ మాట్లాడతారని వచ్చినవాళ్ళకు మేం 'వానలో సోకుగా ఎట్లా తిరగాలి' అని మొదలుపెడితే నవ్వొస్తుంది. నవ్వండి, ఫరవాలేదు. మన సంఘంలోనే కొందరు మిత్రులు ఈ విషయం చెప్పగానే మొహం చిట్లించారు. "తిండికి లేనోడికి ఫేషనేంది మేష్టారూ, అది టౌను పిల్లల రోగం గదా" అన్నారు. ఆ మాట మేం ఒప్పుకోం. మన ఒంటిమీద ఏ బట్ట ఉండాలో, ఎంతవరకు ఉండాలో తాతల కాలం నుంచీ నిర్ణయించింది మనం కాదు. ఆ పెత్తనం ఎవరి చేతిలో ఉందో వానాకాలంలో తెలిసినంత తేటగా ఎండాకాలంలో తెలియదు.

వాన పడితే పెద్దవీధికి గొడుగు, మనకు గోనెసంచి. ఒక మూల ఇంకో మూలలోకి దోపి, కొప్పెర చేసి నెత్తిన వేసుకుంటే అదే మన తాతల రెయిన్‌కోటు. అది తడిస్తే మెడ విరిగేంత బరువు. తర్వాత యూరియా సంచులొచ్చాయి. నాట్లేసే మన అక్కల వీపు మీద ఇప్పటికీ ఆ సంచే. పైన ఎరువుల కంపెనీ బొమ్మ, కింద మన ఆడమనిషి. కంపెనీకి పైసా ఖర్చులేని ప్రచారం! పొద్దుగూకులూ బురదలో ఉంటే కాలివేళ్ళ సందులు పాచిపోయి తెల్లగా ఉబ్బుతాయి. రాత్రి విడిచిన చీర తెల్లారేసరికి ఆరదు. రెండోది ఉంటే అది పెళ్ళికో పేరంటానికో దాచింది. ఆ తడిచీరే మళ్ళీ చుట్టుకుని పొలానికి పోతుంది. ఒంటిమీద ఆరిన బట్టకు తామర రాక ఏమొస్తుంది?

ఇంతకీ నీళ్ళకు తట్టుకునే వస్తువు చెయ్యడం మనకు తెలియక కాదు. 1823లో చార్లెస్ మాకింటాష్ అనే స్కాట్లాండు మనిషి రెండు బట్టల మధ్య రబ్బరు పెట్టి అతికించి, నీరు దిగని బట్టకు పేటెంటు తీసుకున్నాడని పుస్తకాల్లో చదువుతాం. మంచిదే. మరి మోట తొండం కుట్టిన మాదిగ తాత సంగతేంటి? పచ్చితోలును సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్ళలో ఊరేసి, రోజంతా బావిలో మునిగి తేలినా చెడని తొండం చేశాడు. రైతు పొలం తడిసింది ఆ తోలుతోనే. రైతు కాలికి కిర్రుచెప్పులు వచ్చిందీ ఆ చేతుల నుంచే. కానీ ఆ చెప్పులు కుట్టినవాడు పెద్దవీధిలోకి వస్తే తన చెప్పులు విడిచి చేత్తో పట్టుకోవాలి! ఇటు మాలపల్లెల్లో మగ్గం మీద ముతకబట్ట నేసి ఊరికి కట్టబెట్టినవాళ్ళున్నారు. వాళ్ళ పంచె మాత్రం మోకాలు దాటితే ఆసామికి కోపం. ఊరి సోకు సగం మన చేతుల మీదుగానే పోయింది. మన ఒంటిమీదికే రాలేదు.

ఇది ఎవడో ఒక ఆసామి పొగరు అనుకుంటే పొరపాటు. మనుస్మృతి పదో అధ్యాయంలో రాసి పెట్టారు – చండాలుడు శవాల మీద తీసిన బట్టలు కట్టాలట, ఇనుప నగలు పెట్టాలట. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టించారు. ఆ సంగతి మన సభల్లో అందరం చెబుతాం. ఆ రోజుల్లోనే, అదే మహద్‌లో, ఆయన ఆడవాళ్ళతో విడిగా మాట్లాడిన సంగతి తక్కువగా చెబుతాం. అంటరానివాళ్ళని దూరం నుంచే గుర్తుపట్టేట్టు చేసే చీరకట్టు మార్చండి, ఒళ్ళంతా ఆ వెండి నగల బరువు తగ్గించండి, శుభ్రంగా ఉండండి అన్నారు. మనువు బట్టల మీద వేసిన ముద్రను బట్టలతోనే చెరపమన్నారన్నమాట. ఆయన సూటూ బూటూ వేసింది షోకు కోసమే అనుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

వానలు ఎక్కువ పడే కేరళ వైపు చూడండి. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్లు గొడుగు పట్టకూడదు, చెప్పులు తొడగకూడదు, వాళ్ళ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకోకూడదు. అంత వానలో గొడుగు నిషేధం! ఏళ్ళ తరబడి కొట్లాటలు జరిగాక 1859లో రాజు పైబట్ట వేసుకోనిచ్చాడు. అదీ ఊరకే కాదు, పైకులం ఆడవాళ్ళు వేసుకునే తీరులో వేసుకోవద్దని మెలిక పెట్టి మరీ. బట్ట ఇవ్వడానికైనా సిద్ధపడ్డారుగానీ సమానంగా కనపడటానికి ఒప్పుకోలేదు. ఫేషన్ అంటే వాళ్ళకు భయం అక్కడుంది. 1893లో పులయల బిడ్డ అయ్యంకాళి మంచి బట్టలు కట్టి, ఎద్దుబండి ఎక్కి, మనవాళ్ళకు నిషేధమున్న దారిలో పోయాడు. 1915లో పెరినాడులో పులయ స్త్రీలు కులం గుర్తుగా మెడలో మోసిన రాతిపూసలు తీసి పారేశారు.

మన దగ్గర? చుండూరు మరిచిపోయామా? సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రవాడి కాలు తగిలిందన్నది సాకు. నెల తిరిగేసరికి, 1991 ఆగస్టు 6న, 8 మందిని నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మనకు వానలో కప్పుకోను మిగిల్చిన గోనెసంచే అది.

చట్టం ఏమంటుందో కూడా వినండి. 1955 నాటి పౌరహక్కుల చట్టంలోనే, అంటరానితనం పేరుతో నగలూ అలంకారమూ అడ్డుకోవడం నేరమని ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు ఇంకా విడమరిచి రాశారు: బహిరంగ స్థలాల్లో దళితులు చెప్పులు వేసుకోవడం, కొత్తబట్టలు కట్టుకోవడం, సైకిలో మోటారుసైకిలో ఎక్కడం అడ్డుకుంటే నేరం. అంత తర్వాత కూడా చెప్పుల గురించి, కొత్తబట్టల గురించి పార్లమెంటు చట్టం రాయవలసి వచ్చిందంటే ఊళ్ళు ఎట్లా ఉన్నాయో ఊహించండి. గొడుగు అనే మాట ఆ వరసలో లేదు. అయినా కులం పేరున నలుగురి ఎదుట కావాలని అవమానించడం కిందికి అది వస్తుంది. ఆ చట్టంలోనే దానికీ సెక్షనుంది.

ఇక అసలు సోకు సంగతి. కుర్రాళ్ళు వినండి. వానలో జీన్సు వేసుకుని హీరోలాగా బయల్దేరతారు. తడిస్తే అది రెండ్రోజులు ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి, నడక బాతు నడక అవుతుంది. టెరికాటో పాలిస్టరో ముదురు రంగుది వేసుకుంటే గంటలో ఆరుతుంది, ఇస్త్రీ మడత కూడా చెడదు. తెల్లచొక్కా మీద మోజుంటే హవాయి చెప్పులు మానండి. అవి అడుగడుక్కీ బురద ఎగజిమ్మి వీపు మీద ముగ్గులేస్తాయి. వెనక పట్టీ ఉన్న ప్లాస్టిక్ చెప్పులు మేలు. తోలుబూట్లు తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకండి, తోలు పగులుతుంది. లోపల పాత పేపర్లు కుక్కి నీడన ఆరేయండి. ఇది మా కనిపెట్టుడు కాదు, ఏ పెద్ద మాదిగాయననైనా అడగండి, ఇంతకంటే బాగా చెబుతాడు.

ఆడపిల్లల సంగతి వేరు. బడిలో మేం చూస్తున్నాం, వాన పడ్డ మర్నాడు మన పేట పిల్లలే ఎక్కువమంది రారు. ఒకటే యూనిఫాం, అది తడి. పల్చని లేతరంగు బట్ట తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది, సిగ్గుతో ఇంట్లోనే ఉంటుంది. తల్లులారా, ఉతికిన బట్టను ఎండిన తువ్వాలులో చుట్టి గట్టిగా మెలిపెట్టండి, సగం నీరు తువ్వాలు తాగేస్తుంది. యూనిఫాం మీదికి ముదురు రంగు చున్నీ ఒకటివ్వండి. పూల గొడుగు కావాలని అడిగితే పూల గొడుగే కొనివ్వండి. నల్లగొడుగే పట్టాలని ఎవరూ రాసివ్వలేదు. సర్టిఫికెట్లు మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. చొక్కా తడిస్తే ఆరుతుంది, కులం సర్టిఫికెట్ మీద సంతకం అలుక్కుపోతే మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

వాయిదాల మీద కంపెనీ పేరున్న రెయిన్‌కోటు కొని, వడ్డీకి నాన్నను పాలేరుతనానికి పంపేవాడి సోకును మేం సమర్థించం. అది వేరే బానిసత్వం.

చివరిగా ఒక పని ఉంది. మన మండలంలోనే ఒక ఊళ్ళో – పిల్లలు ఆ దారినే రోజూ నడవాలి గనక పేరు చెప్పం – రెండు వారాలుగా బడికిపోయే మన పిల్లల్ని పెద్దవీధిలో ఆపి గొడుగులు మూయిస్తున్నారు. అడిగితే "మీ గొడుగు నీళ్ళు మా అరుగు మీద చిమ్ముతున్నాయి" అంటున్నారు. పైన ఆకాశం నుంచి చిమ్మే నీళ్ళకు లేని అభ్యంతరం మన గొడుగు చివర చుక్కలకు! పేట పెద్దలు "గొడవెందుకు, చెరువుకట్ట మీదుగా తిరిగిపోండ్రా" అంటున్నారు. కట్ట మీద మోకాలి లోతు బురద. నిన్న ఒక పిల్ల పుస్తకాలతో సహా జారిపడింది. పెద్దమ్మలూ పెద్దయ్యలూ, మీ భయం మాకు తెలుసు. కూలి వాళ్ళ దగ్గరే చెయ్యాలి. అందుకే పిల్లల్ని ఒంటరిగా పంపొద్దంటున్నాం.

సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు పేట మొదట్లో కలుద్దాం. మాల పేట, మాదిగ పేట కలిసే రావాలి, విడివిడిగా కాదు. ఉతికిన బట్టలు, కాళ్ళకు చెప్పులు, తెరిచిన గొడుగులు. నినాదాలు వద్దు, అరుగుల వైపు చూడొద్దు, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని బడిదాకా నడుద్దాం. చట్టం నకలు మా సంచిలో ఉంటుంది. ఎవరైనా ఆపితే ఏమన్నారో, ఎన్ని గంటలకు అన్నారో, ఎవరు విన్నారో అక్కడికక్కడే రాసుకునే పని ఇద్దరు చదువుకున్న తమ్ముళ్ళది. వాళ్ళు సభ అయ్యాక మమ్మల్ని కలవాలి. గొడుగు లేని ఇళ్ళవాళ్ళు ఇప్పుడే చేతులెత్తండి, లెక్క రాసుకుంటాం. యూరియా సంచులు మాత్రం ఇంట్లో వదిలేసి రండి.