ఒక్కరే ఉద్దానం వెళ్తే

ఒక్కరే సంచి భుజాన వేసుకుని శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం చూడాలనుకుంటే, నన్నడిగితే ఫిబ్రవరి మేలు. ఎండ ముదరదు, తేలినీలాపురం చెట్ల మీద పక్షులూ ఉంటాయి.

హౌరా–చెన్నై మార్గంలో పలాస స్టేషన్‌లో దిగి, పక్కనే కాశీబుగ్గలో బస చూసుకోండి. ముందు టెక్కలి వైపు వెళ్లండి. రావివలసలో పైకప్పు లేకుండా ఎండలోనే కొలువైన ఎండల మల్లికార్జునుణ్ని దర్శించుకుని, నౌపడ ఉప్పుమళ్లు చూస్తూ తేలినీలాపురం చేరండి. పెలికాన్లు పిల్లలకు చేపలందించే దృశ్యం కోసమైనా ఓ పూట కేటాయించాలి. గోల చేయకండి, గూళ్ల కిందికి వెళ్లకండి. చీకటి పడకముందే తిరుగు బస్సు అందుకోండి.

మర్నాడు బారువ తీరం. దారంతా కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ చెట్లనే కూల్చేసింది. రైతులు మళ్లీ నాటుకున్నారు. అక్కడ ఆగి కొబ్బరిబొండం తాగండి, మాట కలపండి. భోజనంలో లేత పనసకాయ కూర దొరికితే వదలొద్దు.

ఇక పలాస జీడిపప్పు. 240, 320 అనే రకాల అంకెలు పౌండుకు ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతాయి. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా ఎక్కువే. కూరలోకైతే బద్దలు కొనుక్కోండి, రుచిలో తేడా ఉండదు.