అభిమానపు పద్దు

అభిమానించిన ఆటగాడు అపవాదు పాలైనపుడు క్షమింపవచ్చునా?

1984–85లో తన తొలి మూడు టెస్టులందును శతకములు చేసిన హైదరాబాదు వీరుడు అజహరుద్దీన్. మ్యాచ్‌ఫిక్సింగ్ ఆరోపణపై 2000 డిసెంబరున క్రికెట్ బోర్డు జీవితాంత నిషేధము విధించినది. 2012 నవంబరున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదనినది. తీర్పు నిషేధమును తొలగించును గాని, నొచ్చిన మనసును మాన్పునా?

గదాయుద్ధమున నియమము మీరి భీముడు తొడలు విరుగగొట్టగా, గురువైన బలరాముడు నాగలెత్తెను. కృష్ణుడు వారించినను మెచ్చలేక ద్వారకకు వెడలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో నాడు రేడియోకు చెవి యానించిన వారి కోపమును అట్టిదే. దానిని నేను తప్పుపట్టను.

లెక్కలు వ్రాయువాడను గనుక నా పద్ధతి వేరు. శతకములు జమలో నుండును. ఆరోపణయు తీర్పును తమ తమ తేదీలతో ఎదుటి పుటలో నుండును. దేనిని గీకివేయను. ఆ మణికట్టు విరుపును మన పిల్లలు నేర్చుకొందురు గాక. తక్కిన కథయు వారికి దాచక చెప్పుదును.