చవుక దయ్యముల చిరాయువు

నేడు నేను చెప్పబూనిన విషయము పెద్దలకు కొంత వింతగా తోచవచ్చును. అలంకారశాస్త్రము చదువుకొని, జీవితమంతయు పిల్లలచేత శబ్దమంజరి వల్లె వేయించిన యుపాధ్యాయునకు అమెరికా దేశపు దయ్యముల సినిమాలతో పనియేమి యని మీ రడుగవచ్చును. పని కలదు. భయానకమును, అద్భుతమును భరతముని రసములలో చేర్చెను. నిజముగా భయపడుట ఎవ్వరికిని ఇష్టము కాదు; రంగముపై చూపు భయమును మాత్రము జనులు పైకమిచ్చి చూతురు. అందులోను, మిక్కిలి తక్కువ ఖర్చుతో తీసిన చిత్రములు కొన్ని, కోట్లు పోసి తీసినవి మరుగుపడిన తరువాత గూడ నిలిచియున్నవి. దీనికి కారణమేమి? ఇదియే నేటి ప్రశ్న.

ముందుగా వాని పుట్టుక తెలిసికొందము. 1929 తరువాత అమెరికాలో ఆర్థికమాంద్యము ప్రబలెను. ప్రేక్షకులు తగ్గిపోగా సినిమాహాళ్లవారు ఒక టిక్కెట్టుకు రెండు చిత్రములు చూపసాగిరి. మొదటిది పేరుపడ్డ నటులతో, విశేషధనముతో తీసినది. రెండవది పొట్టిది, చవుకది. కూరలు కొన్నవానికి అంగడివాడు కరివేపాకు కొసరు వేసినట్లు దీనిని చేర్చెడివారు. దీనికే 'బి' చిత్రమని పేరు. భయానక కథలును, గ్రహాంతరవాసుల కథలును ఈ కొసరులో విస్తారముగా వచ్చెను.

1942లో హాలీవుడ్డులోని ఆర్.కె.ఓ. అను సంస్థవారు వాల్ ల్యూటన్ అను నిర్మాతకు భయానకచిత్రముల పనిని అప్పగించిరి. నియమములు కఠినములు. ఒక్కొక్క చిత్రమునకు 1,50,000 డాలర్లకు మించి వ్యయము చేయరాదు. చిత్రము 75 నిమిషములు దాటరాదు. పేరును సంస్థవారే నిర్ణయింతురు. ఆ పేరునకు తగిన కథను ఈయన కల్పించుకొనవలెను. వారిచ్చిన మొదటి పేరు 'క్యాట్ పీపుల్', అనగా మార్జాలమనుష్యులు. ఈ పేరు వినినంతనే మీసములు తగిలించుకొన్న పగటివేషగాండ్రు మనకు తలపునకు వత్తురు. ల్యూటనును, దర్శకుడు జాక్ టూర్నరును అట్టి వేషము కట్టింపలేదు.

అందులో నొక ఘట్టము వినుడు. ఒక యువతి రాత్రివేళ నిర్జనమైన బాటను నడచుచున్నది. మరియొక స్త్రీ ఆమెను వెంబడించుచున్నది. ఆ వెనుకటి స్త్రీకి అసూయ రేగినచో చిఱుతపులిగా మారునను శంక ప్రేక్షకునకు కలదు. ఇద్దరి పాదరక్షల చప్పుడును టకటక వినవచ్చుచుండును. ఉన్నట్టుండి ఒకరి చప్పుడు ఆగిపోవును. ముందు నడచు యువతి బెదరి, వడివడిగా సాగి, తుదకు పరుగిడును. వెనుక ఎవ్వరును కానరారు. అంతలో మృగము గాండ్రించినట్లు ఒక ధ్వని! ప్రేక్షకులందరు ఉలికిపడుదురు. వచ్చినది పులి కాదు, బస్సు. ఆ బాటలో పులి మనకు కనబడనే లేదు. ఐనను చూచితిమని ప్రమాణము చేయదగినంత భయము కలిగినది.

కావ్యమున చెప్పినదానికంటె స్ఫురింపజేసినదే గొప్పదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున స్థాపించెను. ల్యూటనుకు ఆ పాఠమును పేదరికము బోధించెను. పులిని చూపుటకు ధనము కావలెను. పులి యున్నదేమో యని తోపించుటకు చీకటియు, నిశ్శబ్దమును చాలును. చూపిన పులి అందరికిని ఒక్కటియే. చూపని పులిని ప్రతి ప్రేక్షకుడును తన చిన్ననాటి భయములతో తానే కల్పించుకొనును. కనుకనే ఈ చిత్రములు పాతబడవు. చూపినవాని యుపాయములు పాతబడును గాని, చూచువాని మనస్సు పాతబడదు.

మరియొక యుదాహరణము. కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను పట్టణము కలదు. అచ్చట హెర్క్ హార్వీ అను నాతడు పాఠశాలలకును, కర్మాగారములకును బోధకచిత్రములు తీయు ఉద్యోగి. సాల్ట్ లేక్ నగర సమీపమున, ఉప్పుసరస్సు ఒడ్డున పాడుపడిన యొక విహారశాలను ఆయన చూచెను. దానినుండియే కథ పుట్టెను. సుమారు 33,000 డాలర్లతో 1962లో 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' వెలువడెను. వంతెనమీదనుండి నదిలో పడిన కారునుండి ఒక స్త్రీ బయటపడును. అటుపిమ్మట తెల్లని మొగముగల యొక పురుషుడు ఆమెకు మాటిమాటికి కనబడుచుండును. ఆ పురుషుని వేషము దర్శకుడే ధరించెను. ఆ పాడుశాలకు సమానమైన శూన్యతను ఏ శిల్పియు లక్షలు తీసికొని గూడ కట్టలేడు.

ఐనచో పేదరికమే గొప్పదనమా? కాదు. ఎడ్ వుడ్ అను నాతడు 'ప్లాన్ నైన్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' అను చిత్రమును తీసెను. 1931లో డ్రాక్యులా వేషముతో ప్రఖ్యాతి గాంచిన బేలా లుగోసీ 1956లో మరణించెను. ఆయనపై తీసియుంచిన కొద్దిపాటి దృశ్యములను వుడ్ ఈ చిత్రమున చేర్చి, తక్కిన భాగమునకు మరియొకనిని నిలిపి, పోలిక తెలియకుండ మొగమునకు దుప్పటివంటి వస్త్రమును అడ్డుపెట్టించెను. శ్మశానములోని సమాధులు తగిలిన కదలును. 1980లో అచ్చైన యొక గ్రంథము దీనికి అత్యధమచిత్రమను బిరుదు నిచ్చెను. ఇచ్చట ధ్వని లేదు. భయమునకు బదులు హాస్యము పుట్టినది. ఐనను జనులు దీనిని ఆదరముతోనే చూచుచున్నారు. చేతకాకపోయినను చేయవలెనను ఆరాటము అందులో దాచకుండ కనబడును. చేతనై గూడ మనసు పెట్టనివాని పనికంటె ఇది నయమని లోకము తీర్పు చెప్పినది.

ఇక ముఖ్యమైన మాట. పెద్ద సంస్థలు నష్టభయముచేత చెప్ప జంకిన సంగతులను ఈ చిన్న చిత్రములు చెప్పగలిగెను. 1956లో వచ్చిన 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్'లో ఒక యూరివారు ఒక్కొక్కరే మారిపోవుదురు. రూపము అదియే, మాట అదియే. ప్రేమ మాత్రము ఉండదు. ఇది కమ్యూనిస్టులను గూర్చిన భయమని కొందరును, అందరు నొక్కతీరుననే నడువవలెనను నిర్బంధమును గూర్చిన భయమని మరికొందరును చెప్పిరి. ఇరుగుపొరుగును అనుమానించు కాలమున ఆ కథ పుట్టినదనుట మాత్రము నిశ్చయము.

1968లో పిట్స్‌బర్గ్ ప్రాంతమున జార్జి రొమేరో అను యువకుడు మిత్రులతో గూడి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చిత్రమును తీసెను. ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. రక్తమునకు బదులు చాక్లెట్టుపాకము వాడిరి. చచ్చినవారు లేచి తిరుగుచుండగా కొందరు ఒక పల్లెయింట తలదాచుకొందురు. బయటి శవములకంటె లోపలివారి కలహమే వారికి చేటు తెచ్చును. వారిలో ధీరుడు నల్లజాతివాడు. ఆ పాత్రను డ్యూయేన్ జోన్స్ ధరించెను. రాత్రి యంతయు శవములతో పోరాడి బ్రదికిన యా మనుష్యుని, తెల్లవారిన పిమ్మట రక్షింపవచ్చిన తుపాకీ మూకవారే శవమని తలచి కాల్చివేయుదురు. ఆ సంవత్సరము ఏప్రిలులోనే మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీగుండునకు బలియైనాడు. అక్టోబరులో ఈ చిత్రమును చూచినవారికి దయ్యముల సంగతి మరచి ఆ యుదయమే మనసున నాటియుండును.

పంపిణీదారులు చిత్రమునకు పేరు మార్చునపుడు హక్కుల ప్రకటనను చేర్చకపోవుటచేత తీసినవారు తమ ఫలమును పోగొట్టుకొనిరి. ఎవరు పడితే వారు ప్రతులు తీసి చూపిరి. చిత్రము మాత్రము లోకమంతట వ్యాపించెను. 1999లో అమెరికా ప్రభుత్వము దానిని భద్రపరుపదగిన జాతీయచిత్రములలో చేర్చెను.

మన తెలుగునాటను దీనికి సాటి కలదు. తక్కువ ఖర్చుతో జానపద చిత్రములు తీసిన విఠలాచార్యను ఎరుగని పెద్దలు మీలో అరుదు. 1978లో వచ్చిన ఆయన 'జగన్మోహిని'లో దయ్యము కట్టెలకు బదులు తన కాళ్లను పొయ్యిలో పెట్టి వంట చేయును. దానికి వలసిన ఖర్చెంత? ఆ పొయ్యి మన యింటిలోనిది. ప్రతిదినము చూచు వస్తువునందే భయమును నిలిపినందున ఆ దృశ్యము నేటికిని జనుల నోట నున్నది.

కాబట్టి పెద్దలకు నా విన్నపము. మీ మనుమలు ఇట్టి చిత్రమును చూచుచుండగా, ఇది చిల్లరది యని గద్దింపకుడు. మరీ పసివారైనచో వారింపుడు, అది వేరు. తెలివి వచ్చినవారైనచో ప్రక్కన గూర్చుండి చూచి, ఇందులో నీవు దేనికి భయపడితివని యడుగుడు. వాడు చెప్పు సమాధానములో చిత్రమును గూర్చియే గాక, వాని మనసును గూర్చియు, వాని కాలమును గూర్చియు మీకు తెలియును. మీ యూరి నాటకసమాజమువారు తెరలకు, దీపములకు పైకము చాలలేదని దిగులుపడినచో, ఆగిపోయిన యా యడుగుల చప్పుడును వారికి జ్ఞప్తి చేయుడు. సెలవు.