కంప్యూటర్ తరగతిలోకి రేషన్ కార్డు



మన పిల్లలు పెద్ద సంఖ్యలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదువుతున్నారు. సంతోషం. అయితే వారి ల్యాబ్ పుస్తకాలలో మేము చూచిన లెక్కలన్నీ కల్పిత మార్కుల పట్టికలే. అక్కడ ఏ పేరూ తారుమారు కాదు, ఎవరి బియ్యమూ ఆగదు. నిజంగా జరిగిన ఉదంతాలను కూడా పాఠాలుగా చెప్పాలని మేము కోరుతున్నాము.

దూరం వెళ్లనవసరం లేదు. తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వెళ్లి విచారించకుండా కంప్యూటర్ ఎంపిక మీదనే రద్దు చేశారన్న పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2022లో క్షేత్రస్థాయి పునర్విచారణకు ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వపు సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల జాబితాలలోని పేర్లను, చిరునామాలను పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని తేలుస్తుంది.

పాఠం ఇక్కడే ఉన్నది. రోమన్ లిపిలో మహమ్మద్ అన్న ఒక్క పేరునే ఎన్ని విధాల వ్రాస్తారో మీకు తెలుసు. ఒక పత్రంలో పూర్తిగా, మరొక దానిలో ఎండీ అని, ఇంకొక దానిలో పేరు చివర. పోలిక నిబంధనను సడలిస్తే పక్క వీధి ఖాజా పాషా కారు రిక్షా తొక్కే ఖాజా పాషా లెక్కలో పడుతుంది. బిగిస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఎంత బిగించాలి? ఏ తప్పు వల్ల ఎవరి కంచం ఖాళీ అవుతుంది? వంద పేర్లిచ్చి విద్యార్థుల చేతనే చేయించండి. (కల్పిత పేర్లు చాలు. అసలు వారి వివరాలు బయట పెట్టరాదు.)

మేము గుమాస్తాగా ఉన్న రోజులలో దరఖాస్తును తిరస్కరిస్తే ఫైలులో నోటు వ్రాసి సంతకం చేయవలసి ఉండేది. ఆ నోట్లన్నీ న్యాయమైనవని మేము అనము. కానీ ఎవరు, ఏ కారణంతో అన్నది వెదికితే దొరికేది. యంత్రం చేత కూడా ఆ నోటు వ్రాయించడం మీ విద్యార్థులు నేర్వవలసిన పనే.

నెదర్లాండ్స్ ఉదంతాన్నీ దీని పక్కన పెట్టి చెప్పండి. శిశు సంరక్షణ భత్యంలో మోసాలను పట్టేందుకు పన్నుల శాఖ వాడిన పద్ధతిలో విదేశీ జాతీయత కూడా ఒక అనుమాన సూచిక అయింది. వేలాది మంది తల్లిదండ్రులు మోసగాళ్లుగా ముద్రపడి అప్పుల పాలయ్యారు. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. అక్కడ జాతీయత అన్న గడి ఉన్నది. మతమన్న గడి లేకుండానే, పేరు వ్రాసే తీరు వల్లనే అటువంటి నష్టం రాగలదని మన పిల్లలు గ్రహించాలి.

ప్రాజెక్టు సమయంలో మా సంఘ కార్యాలయానికి రండి. కార్డుదారులు అంగీకరిస్తే వారితోనే మాట్లాడిస్తాము. ఆదివారం ఉదయం మేము అక్కడే ఉంటాము.