ఏ తీరమున దిగవలెను?

మా చోడవరమునకు సముద్రము లేదు. చెరకు తోటలు కలవు, వరిమళ్లు కలవు, బావులును చెరువులును కలవు. మా ఈడువారిలో చాలమంది వీపునకు సొరబుర్ర కట్టుకొని నేలబావిలో ఈత నేర్చినవారే. 2022 ఏప్రిల్ నెలలో మా ఊరు విశాఖపట్నము జిల్లానుండి క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను సముద్రము ఉన్నచోటనే ఉన్నది. మాఘపూర్ణిమ స్నానమునకును, కార్తిక వనభోజనములకును, సెలవునాటి వినోదమునకును మావారు అనకాపల్లి మీదుగా తీరమునకు పోవుచునే ఉన్నారు. బావిలో నేర్చిన ఈతను నమ్ముకొని కెరటములలోనికి దిగుచునే ఉన్నారు. అందుచేత, ఏ తీరమున దిగవలెనను ప్రశ్న సముద్రము లేని ఊళ్లవారికే ఎక్కువ అవసరమైనది.

ఈ ప్రశ్న మాకు సంక్రాంతి పండుగనాడు ఒక వింతరూపమున ఎదురైనది. మా మేనల్లుడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. సెలవులలో కన్నడదేశపు తీరమందలి ముల్కికి పోయి, పలకపై నిలిచి కెరటము వెంట జారు క్రీడను కొంత నేర్చుకొనెను. దీనినే సర్ఫింగు అందురు. ఇప్పుడు ముగ్గురు మిత్రులతో గూడి మధ్య అమెరికాకు పోవలెనని సంకల్పించెను. పండుగ భోజనములైన పిదప అరుగుమీద పటము పరచి, "మామయ్యా, ఇన్ని తీరాలున్నాయి. ఎక్కడ దిగమంటావు?" అని అడిగెను.

మేము ఆ దేశములను చూచినవారము కాము. అతడే చెప్పదొడగెను. కోస్టారికా దక్షిణపు కొసను పవోనెస్ అను చోట కెరటము ఎడమవైపునకు విరుగుచు చాలదూరము సాగునట. ఎల్ సాల్వడార్‌లోని లా లిబెర్తాద్ పట్టణము చెంత పుంతా రోకా కలదు. రాతి మొన అని ఆ పేరునకు అర్థము. నికరాగ్వాలో పెద్ద సరస్సు మీదుగా వచ్చు గాలి ఏడాదిలో చాల కాలము నేలనుండి కడలివైపు వీచి, కెరటపు ముఖమును చెదరనీయక నిలుపునట. ఇంతయు చెప్పి అతడు ఒక్కొక్క తీరపు ఛాయాచిత్రమును చూపెను. అన్నియు అందమైనవే. అతడు అందమునుబట్టి తీరమును ఎన్నుకొనుచున్నాడని మాకప్పుడు తోచినది.

మాకొక బాల్యమిత్రుడు ఉండెడివాడు. మా ఊరి పెద్దబావిలో గట్టుమీదనుండి దూకి, అడుగున మట్టి పిడికిట పట్టుకొని పైకి వచ్చెడివాడు. ఒక కార్తికమున వనభోజనములకు పోయినప్పుడు, తీరము చక్కగా ఉన్నదని అందరికంటె ముందు అతడే దిగెను. అతని తల్లి చీకటిపడువరకు ఇసుకలో కూర్చుండి ఉండెను. ఈ సంగతి మేనల్లునికి చెప్పలేదు. "కనుమ దాటిన పిదప మన సముద్రమును ఒకసారి చూచి వత్తము" అని మాత్రము అంటిమి.

తెల్లవారుజామున బయలుదేరి పూడిమడకకు చేరితిమి. అది పెద్ద మత్స్యకార గ్రామము. ఒడ్డున పడవలు వరుసగా ఉన్నవి. మేనల్లుడు సముద్రమును కొంతసేపు పరికించి, ఇరుప్రక్కల తెల్లని నురుగుతో కెరటములు విరుగుచుండగా నడుమ నెమ్మదిగా ఉన్న ఒక సందును చూపి, "ఇక్కడ అలలు లేవు, లోపలికి పోవడం సులభం" అనెను. వల బాగుచేసుకొనుచున్న వృద్ధుడొకడు తల యెత్తి చూచెను. ఏమియు అనక, ప్రక్కనున్న కొబ్బరి డొక్కనొకదానిని తీసి ఆ సందులోనికి విసరెను. అది ఒడ్డునకు రాలేదు. చూచుచుండగనే కెరటములను దాటి లోపలికి పోయినది. అప్పుడతడు, "బాబూ, నీళ్లు నిమ్మళంగా ఉన్న సోటే లాగేస్తాది" అనెను.

ఆ వృద్ధుడు చెప్పినదే శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. కెరటములు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల కడలికి పోవలెను గదా. నీటి అడుగున ఇసుక దిబ్బలున్నప్పుడు, వాని నడుమ లోతైన త్రోవ ఎక్కడ దొరకిన అక్కడ ఆ నీరంతయు ఒక్కటై వెనుకకు పారును. అచట లోతు హెచ్చగుటచే కెరటము విరుగదు, నురుగు కనబడదు, కంటికి ప్రశాంతముగా నుండును. ఆ ప్రవాహము ఒక్కొక్కప్పుడు సెకండుకు రెండు మీటర్లు మించి పారును. ఆ వేగమునకు ఎదురీదగలవాడు లేడు. చిక్కినవాడు ఒడ్డువైపునకు ఈదిన అలసి మునుగును. తీరమునకు సమాంతరముగా ఈదినచో ఆ సన్నని ప్రవాహమునుండి వెలుపలికి వచ్చి, పిదప కెరటములతోపాటు ఒడ్డు చేరవచ్చును. ఈదలేనివాడు కంగారుపడక తేలియుండి చేయి యెత్తవలెను. బావిలో నీరు మనలను ఎక్కడికిని తీసికొనిపోదు. కనుక బావి ఈతగానికి ఈ సంగతి ఎవరును నేర్పరు.

ఆ ఉదయము మేనల్లుడు నీటిలో దిగలేదు. మేమిరువురమును ఇసుకలో కూర్చుండి సముద్రమును చదివితిమి. తీరమును ఎన్నుకొనుటకు ముందు తెలిసికొనవలసినవి కొన్ని కలవు.

మొదటిది ఋతువు. పసిఫిక్ తీరమునకు ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు వచ్చు పెద్ద కెరటములు దక్షిణార్ధగోళపు తుపానులలో పుట్టి వేలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేసినవి. అవతలివైపున కరీబియన్ తీరమునకు ముఖ్యముగా చలికాలమే కెరటముల కాలము. మన బంగాళాఖాతమును దక్షిణమున తెరచియున్నదే. నైరృతి ఋతుపవన కాలమున దూరపు కెరటములు మన తీరమునకును వచ్చును. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమును తాకినది. మాఘమునాటికి సముద్రము చాలవరకు నెమ్మదించును. పెద్దలు మాఘమున సముద్రస్నానము చేయుమనిరి. కారణము మనకు చెప్పలేదు గాని, ఆ నెల స్నానమునకు అనువైనదే.

రెండవది అడుగునేల. నీటి లోతు కెరటపు ఎత్తునకు రమారమి ఒకటింబావు రెట్లకు తగ్గినంతనే కెరటము విరుగును. నేల మెల్లగా వాలియున్నచో కెరటము పైనుండి నురుగై జారుచు దూరము సాగును. నేర్చుకొనువానికి అది మేలు. వాలు నిట్టనిలువుగా ఉన్నచో కెరటము ఒక్కసారిగా ఒడ్డుమీదనే కూలి మనుష్యుని మెడ విరుచును. రాతి మొనల చెంత కెరటము అందముగా సాగును గాని, పడినవాడు రాతిమీద పడును. ఇసుక తీరమైనను ఎల్లకాలము ఒక్కరీతిగా ఉండదు. 1950 దశకపు తొలి ఏండ్లలో కాలిఫోర్నియానుండి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన ఆచార్యుడు లాఫాండ్, ఇచటి పరిశోధకులతో గూడి వాల్తేరు ఇసుకను కొలిచి, అది కాలమునుబట్టి పోవుచు వచ్చుచు ఉండుటను గుర్తించెను. కనుక క్రిందటి ఏడు క్షేమముగా దిగితిమన్న మాట ఈ ఏటికి పనికిరాదు.

మూడవది నదీముఖము. భీమునిపట్నమున గోస్తని కడలిలో కలియుచున్నది. ఇట్టిచోట్ల నది తెచ్చిన ఇసుకతో మంచి కెరటములు ఏర్పడవచ్చును. పోటు తగ్గు వేళ నీరు బలముగా కడలివైపు లాగుటయు కలదు. కోస్టారికాలోని తమరిందో అను ప్రసిద్ధ తీరమున నది కలియుచోట మొసళ్లుకూడ ఉన్నవని మేనల్లుడు చెప్పెను. ఆ సంగతి ఛాయాచిత్రములో కనబడదు.

నాల్గవదియు ముఖ్యమైనదియు మనుష్యులు. యారాడ తీరము మూడువైపుల కొండలతో, ఒకవైపు కడలితో మనోహరముగా ఉండును. అచట స్నానమునకు దిగి మరణించినవారి వార్తలు పలుమారులు వింటిమి. మేము కూర్చున్న ఈ పూడిమడకలోనే 2022 జులై నెలాఖరున ఇంజనీరింగు విద్యార్థులు కొందరు స్నానమునకు దిగి కెరటములలో కొట్టుకొనిపోయి మరణించిరి. అది నైరృతి కెరటముల కాలము. వారు మన ఇండ్ల బిడ్డల వంటివారే. ఆ ఉదయము ఇంటిలో చెప్పి కళాశాలకు బయలుదేరినవారే. ఋషికొండ 2020లో బ్లూ ఫ్లాగు గుర్తింపు పొందినది. స్నానమునకు హద్దులు గుర్తించి, కావలివారిని నిలుపుట ఆ గుర్తింపునకు వలసిన నిబంధనలలోనివి. నేర్చుకొనదలచినవాడు అట్టిచోటనే, హద్దులోపలనే, నేర్పువానితోనే దిగవలెను. కావలి లేనిచోట బెస్తవారిని అడుగవలెను. వారు వద్దన్నచో మరుమాటలేక తిరిగి రావలెను.

హైదరాబాదునందు 1999లో ఏర్పడిన సముద్ర సమాచార కేంద్రమొకటి కలదు. ఇన్‌కాయిస్ అని దానికి పేరు. కెరటముల ఎత్తును, దూరపు ఉప్పెన కెరటముల రాకను అది ముందుగనే తెలుపుచుండును. సముద్రము లేని నగరమునుండి ఆ వార్త వచ్చుచుండగా, సముద్రము లేని మన ఊళ్లవారము బయలుదేరుటకు ముందు దానిని చూచుకొనకుండుట తగునా?

ఎండ ముదిరిన కొలది గాలి మారినది. తెల్లవారుజామున నేలనుండి వీచినది కడలినుండి వీచుటతో, కెరటములు చిందరవందరైనవి. మేనల్లుడు అరగంటసేపు కెరటములను లెక్కించి, "చిన్నవి వరుసగా వచ్చిన తరువాత ఒకసారి పెద్దవి వస్తున్నాయి మామయ్యా" అనెను. వచ్చినప్పటినుండి అతడు సముద్రమును సరిగా చూచినది అప్పుడే.

ఇంటికి వచ్చి మరల పటము పరచెను. పవోనెస్ మీద వేసికొన్న గుర్తును చెరిపెను; పుంతా రోకాను కూడ విడిచెను. ఏ తీరమున ఇసుకనేల కలదో, ఏ నెలలో కెరటము చిన్నదిగా ఉండునో, ఎక్కడ నేర్పువారును కావలివారును ఉందురో విచారించి క్రొత్త పట్టిక వ్రాసికొనెను. అతని తల్లి ఆ పట్టికను చూచి, "దీంట్లో అందమైనది ఏదిరా?" అని అడిగెను. "తిరిగి రాగలిగినదమ్మా" అని అతడు బదులు చెప్పెను.

ఆమెకు ఆ మాటలోని అర్థము పూర్తిగా తెలియదు. ఆ పెద్దబావి మిత్రుని తల్లికి మాత్రము తెలిసియుండును.